ఆఖరి కుర్చీ

"ఈసారికి తప్పుకో పెద్దక్కా, నీకు పుణ్యముంటుంది. మా ఇంట్లో మిక్సీ మూలపడింది. రుబ్బలేక చేతులు పడిపోతున్నాయి," అంది పిల్లల బట్టలమ్మే అమ్మాయి, కుర్చీ చుట్టూ నడుస్తూనే.

పరదాలమ్మే పెద్దక్క చూపంతా కుర్చీ మీదే.

ఆ రోజు బట్టల షాపు వార్షికోత్సవం. మధ్యాహ్నమే షట్టరు దించేసి, కౌంటర్లు గోడవారకు జరిపి, అద్దెకు తెప్పించిన కుర్చీలతో సిబ్బందికి కుర్చీలాట పెట్టాడు యజమాని. బహుమతి కొత్త మిక్సీ. ఒక్కొక్కరే ఓడిపోగా, చివరికి ఒకే ఒక్క కుర్చీకి వీళ్లిద్దరూ మిగిలారు.

"జీవితమూ ఇంతే!" మైకులో ఉపన్యాసం దంచుతున్నాడు యజమాని. "మనుషులెక్కువ, కుర్చీలు తక్కువ. రెప్పవేస్తే పక్కవాడు ఎగరేసుకుపోతాడు. జాలిపడ్డామా, ఓడిపోయినట్టే!"

"మొన్న నీకు జ్వరమొస్తే నీ కౌంటరూ నేనే చూశాను కదక్కా," గొణిగింది అమ్మాయి. "ఆ మాత్రం చెయ్యలేవా?"

"మాటలాపి నడువు," అంది పెద్దక్క. మడమలు సలుపుతున్నా అడుగు తడబడనివ్వలేదు.

పాట టక్కున ఆగింది. ఇద్దరూ ఒక్కసారే కుర్చీ మీద పడ్డారు. పెద్దక్క భుజంతో ఒక్క తోపు తోసింది. అమ్మాయి నేలమీద కూలబడింది.

ఈలలు, చప్పట్లు. ఆ సందట్లోనే ఎవరో "మిక్సీ కోసం ఎంతకు తెగించింది!" అని బుగ్గలు నొక్కుకున్నారు.

"సొంత అక్కవనుకున్నాను," అంది అమ్మాయి. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

పెద్దక్క ఆమె వైపు చూడలేకపోయింది.

"గెలుపంటే ఇదీ!" మిక్సీ డబ్బా పైకెత్తాడు యజమాని. "రామ్మా, స్టేజీ మీదికి రా!"

పెద్దక్క కదల్లేదు. రెండోసారి పిలిచినా కుర్చీ వదల్లేదు. చప్పట్లు సన్నగిల్లాయి. సూపర్‌వైజరు పరుగున వచ్చాడు.

"ఏంటా పొగరు? సార్ పిలుస్తుంటే లేవవేం?"

పెద్దక్క చెప్పులు విడిచి, కాళ్లు బారజాపి, వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

"మిక్సీ ఆ పిల్లకిచ్చేయండి సార్. ఈ షాపులో మాకు కుర్చీ వేసింది ఇవాళే. నన్ను కాసేపు కూర్చోనివ్వండి."