పర్లేదు అనని రోజు

"అమ్మా, లోపల నువ్వు నోరెత్తకు. అడిగినదానికి నేను చెప్తాను," అంది సునీవా, చక్రాల కుర్చీని డాక్టరు గది గుమ్మం దాటిస్తూ.

"నాకు సరిగ్గా పనిచేసేది నోరొక్కటే కదే. దానికీ తాళం వేస్తావా?" అంది మెరన్.

తల్లీకూతుళ్ళు వెస్ట్రే దీవి నుంచి పొద్దున్నే ఓడెక్కి కర్క్‌వాల్ పట్నంలోని ఆసుపత్రికి వచ్చారు. దారంతా అలలు ఎగరేస్తున్నా సునీవా కుర్చీ వదల్లేదు. కూతురంటే ఇలా ఉండాలని చూసినవాళ్ళంతా అనుకున్నారు గానీ, పైకి ఒక్కరూ అనలేదు. ఉత్తరపు చలి సముద్రంలోని ఈ ఆర్క్నీ దీవుల్లో మెచ్చుకోలూ పైకి అనరు, బాధా పైకి అనరు. పంట విరగపండినా "పర్లేదు", కాలు విరిగినా "పర్లేదు". రెంటికీ తేడా గొంతులో ఎక్కడో ఉంటుంది. అది అక్కడ పుట్టిన చెవికే వినిపిస్తుంది.

డాక్టర్ పెంబర్టన్ అక్కడ పుట్టినవాడు కాదు. సముద్రానికి దక్షిణాన ఉన్న పెద్ద నేల నుంచి వచ్చిన నెమ్మదస్తుడు. కంప్యూటర్లో స్కాన్ తెరిచి, దాన్నే చూస్తూ మొదలుపెట్టాడు.

"మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే ఏంటో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటా."

"అక్కర్లేదు. ఒంటికి కాపలా కాయాల్సిన సైన్యమే తిరగబడి నరాల మీది పొరను కొరుక్కుతింటుంది. మా ఇంట్లో ఎక్కాలకన్నా ముందు అదే వచ్చు," అంది మెరన్.

డాక్టరు నవ్వాడు. "ఇదిగో ఈ మచ్చ కొత్తదో పాతదో స్కాన్ తేల్చడం లేదు. పాతదైతే ఇప్పుడు వేసుకునే మాత్రలే చాలు. జబ్బు లోలోపల చురుగ్గా ఉంటే మాత్రం ఆగకూడదు. గట్టి మందుకు మారాలి. ఏడాదికి రెండుసార్లు డ్రిప్‌లో ఎక్కిస్తాం. దాంతో ఒంట్లో కాపలా కాస్త తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లు సులువుగా పట్టుకుంటాయి. అందుకే ఊరికే ఇవ్వలేం. చెప్పండి, పోయిన స్కాన్ తర్వాత ఎలా ఉంది?"

"పర్లేదండీ," అంది సునీవా వెంటనే.

డాక్టరు టకటకా టైపు చేశాడు.

"ఏం రాశారు బాబూ?" అంది మెరన్.

"బాగుందని."

"కొట్టేయండి."

"అమ్మా!"

"నువ్వుండవే. ఈస్టరుకు ముందు కుడి కన్ను మసకేసింది. వారం పైనే. వేడినీళ్ళ స్నానం చేస్తే ఇంకా ఎక్కువయ్యేది. తర్వాత కుడి చెయ్యి మొద్దుబారింది. టీ కప్పు జారి పగిలింది."

సునీవా ముఖం ఎర్రబడింది. "అదేం పెద్ద విషయమని చెప్తున్నావ్? తగ్గిపోయిందిగా!"

"తగ్గిపోయిందట! నువ్వా డాక్టరువి, ఆయనా?"

డాక్టరు తన కుర్చీ ముందుకి జరిపాడు. "ఇది నాకు ముందే తెలియాల్సింది. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడం మాకు చేతకాదు బాబూ," అంది మెరన్. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నాకీ జబ్బు వచ్చినప్పుడు మందులే లేవు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. తర్వాత మందులొచ్చాయి. ఎలా ఉన్నావమ్మా అని అడిగితే పర్లేదన్నాను. మళ్ళీ అడిగారు, మళ్ళీ పర్లేదన్నాను. పర్లేదు పర్లేదంటూనే వచ్చి ఈ కుర్చీలో కూలబడ్డాను. ఇక ఆ మాట మా ఇంట్లో వినబడితే ఊరుకోను."

డాక్టరు రాసింది చెరిపి, మళ్ళీ రాశాడు.

"అయితే మారడమే మంచిదని నా సలహా. రక్త పరీక్షలు, టీకాలు ముందు అయిపోవాలి. కానీ బలవంతం లేదు. నిర్ణయం మీదే."

మెరన్ కూతురి వైపు చూసింది. సునీవా కిటికీ వైపు తిరిగింది. అవతల రేవులో ఓడ సరుకు దించుతోంది.

"సరే," అంది చివరికి.

పరీక్షలు, టీకాలు అయ్యేసరికి వేసవి వచ్చింది. డ్రిప్ గదిలో నర్సు థోరా సీసా తగిలిస్తూ, "మొన్న మీ దీవిలో పెళ్ళి ఘనంగా జరిగిందటగా, మెరనత్తా?" అంది.

"ఘనంగానా! మా పిల్ల డాన్సు చూడాల్సింది నువ్వు. వాయించేవాళ్ళు అలిసి ఆపారు గానీ అది ఆపలేదు. దానితో సమానంగా గిరగిరా తిరగ్గల మగాడే లేడు మా దీవిలో!"

పక్క కుర్చీల్లో డ్రిప్ ఎక్కించుకుంటున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆ దీవుల్లో కన్నబిడ్డను నలుగురిలో పొగడటం మర్యాద కాదు.

"అమ్మా, అందరూ వింటున్నారు. సిగ్గుగా ఉంది," అంది సునీవా.

"విననీవే! నా కూతురు, నా ఇష్టం. నా గుండె పొంగుతోంది, చెప్పుకుంటాను," అని మెరన్ ఇంకాస్త గొంతు పెంచింది. "వచ్చే ఏడూ ఆడుతుంది. ఆ పైయేడూ ఆడుతుంది. నేను ముసలిదాన్నై కళ్ళు కనబడకపోయినా, దాని అడుగుల చప్పుడు వింటాను!"

థోరా దూదితో చర్మం తుడిచింది. "కాస్త చురుక్కుమంటుంది," అంది.

మెరన్ చెయ్యి చాచింది. సునీవా ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

సూది సునీవా చేతిలో దిగింది.