మూడో పూత

"కూరలో కారం ఎక్కువైంది. ఇవాళ్టికి హెచ్చరించి వదిలేస్తున్నాను" అన్నాడాయన, కంచం పక్కన పెట్టుకున్న చిన్న పుస్తకంలో రాసుకుంటూ.

ఆయన రిటైరైన తనిఖీ అధికారి. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగి ఎదుటివాళ్ళ పనిలో తప్పులు పట్టాడు. ఇప్పుడు పట్టుకోవడానికి వంటిల్లొక్కటే మిగిలింది. డబ్బాలన్నిటికీ నంబర్లు వేశాడు. ఉల్లిపాయ ఎంత మందాన తరగాలో స్కేలు పెట్టి చూపించాడు. మంట తగ్గించమని కాసేపు, ఎందుకు తగ్గించావని కాసేపు.

నాలుగు నెలలు ఓర్చుకున్న భార్య ఆ రోజు గరిటె కింద పెట్టేసింది.

"ఏవండీ, కారం సంగతి అంత తెలిసిన మనిషి కదా, ఒక్కటంటే ఒక్క మిరపకాయ కాయించి చూపించండి. ఆ రోజు నుంచి వంటిల్లు మీదే, మీరెలా చెబితే అలా వండుతాను. అంతదాకా మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు."

"ఓస్, మిరపకాయేగా!"

గింజలు బెత్తెడు లోతున పాతాడు. మొలవలేదు. మళ్ళీ పాతి రోజూ బకెట్లకొద్దీ నీళ్ళు పోశాడు. కుళ్ళిపోయాయి. మూడోసారి పచ్చగా మొలిచాయి. అవి గడ్డి మొక్కలని ఎదురింటి టైలరు చెప్పేదాకా వారం రోజులు ఎరువు వేశాడు.

ఎవర్నైనా అడుగుదామంటే నామోషీ. చివరికి ఫోనులో మొక్కలు పెంచేవాళ్ళంతా చేరే యాప్ ఒకటి దొరికింది. ఫోను కొత్తది. పాతదాన్ని "ఊరికే నొక్కి పాడుచెయ్యకు" అని భార్య చేతిలో పడేసి నెల కూడా కాలేదు.

"అక్కడ ఎవరూ సొంత పేర్లు పెట్టుకోరు. నేను 'అధికారి' అని పెట్టుకున్నా. ఎలా పరుగెత్తుకొస్తారో చూడు" అన్నాడు భోజనం దగ్గర.

మర్నాడు ఒక్కడొచ్చాడు. పేరు 'మిర్చి మాస్టారు'.

"కుండీ అడుగున చిల్లులున్నాయా? గింజ గోరంత లోతు చాలు. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యండి."

మొక్క లేచింది. ఆయనకి గురి కుదిరింది.

ఆ తర్వాత మాస్టారు కాస్త కఠినంగా తయారయ్యాడు. "పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఎండ మాడ్చేస్తుంది. గొడుగు పట్టుకుని పక్కనే నిలబడండి" అన్నాడు. నిలబడ్డాడు. గట్టిగా అరిచే మనిషి దగ్గర పూత నిలవదని తెలిసి గొంతు తగ్గించాడు. "తిన్న కంచం మీరే కడిగి, సబ్బు తగలని తొలి నీళ్ళు మొక్కకి పొయ్యండి" అంటే పెరట్లో కుళాయి దగ్గర చతికిలబడ్డాడు. జన్మలో కంచం ఎత్తని మనిషి, నీళ్ళు చాలక గిన్నెలు కూడా అడిగి తెచ్చుకుని కడిగాడు.

"కుండీకి గొడుగేంటి సార్?" అన్నాడు టైలరు.

"ఇది శాస్త్రం. నీకు తెలీదు, వెళ్ళు" అన్నాడు, మెల్లిగా.

పూత వచ్చింది. "మొదటి పూత తుంచెయ్యండి, చెట్టు బలపడుతుంది" అన్నాడు మాస్టారు. తుంచాడు. రెండో పూతకీ అదే మాట. మూడో పూత తుంచుతుంటే ఆయనకి ఏడుపొచ్చింది. "కాయలెప్పుడండీ?" అని వంటింట్లోంచి వినబడినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. అరవడానికి లేదు, పూత నిలవదు.

ఒక సాయంత్రం ఆకు పక్కకి తిప్పితే, మూడో పూతలో ఆయన చేతికి చిక్కకుండా తప్పించుకున్న పువ్వొకటి కాయై వేలాడుతోంది. చిటికెనవేలంత ఉంది. ఆయన అక్కడే చిన్నపిల్లాడిలా గెంతాడు. గెలిచాడు! వంటిల్లు తనది!

వెంటనే నోరు నొక్కుకున్నాడు. తొందరపడకూడదు. రేపు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని, కాయతో సహా గుమ్మం దాటాలి. ఆవిడ మొహం చూడాలి. అంతదాకా ఇంట్లో ఈ సంగతి పొక్కకూడదు.

కానీ గురువుకి చెప్పకపోతే ఎలా? వరండాలో కూర్చుని గబగబా టైపు చేశాడు.

"గురువుగారూ, కాయ కాసింది! కుడివైపు మూడో కొమ్మ, పెద్దాకు కింద. రేపు పొద్దున కోసి మా ఆవిడ పొగరు దించుతాను. అంతదాకా మనిద్దరి మధ్యే ఉండాలి."

పంపించీ పంపించగానే, వంటింట్లో నాలుగో నంబరు డబ్బా పక్కనున్న పాత ఫోను టింగుమంది.