స్పెయిన్ మాటలు

“అమ్మా, దూపయితాంది. నీళ్లియ్యి.”

సుక్కమ్మ వినపడనట్టే జొన్నలు చెరుగుతూ కూర్చుంది. నీళ్లకుండ ఆమె పక్కనే ఉంది. ఏడేళ్ల జానమ్మ, సన్నబడిన కుడికాలును ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చింది. మళ్లీ అడిగింది. మూడోసారి ఏడుస్తూ అడిగింది.

“నాకు తెలుగు రాదు బిడ్డా,” అంది సుక్కమ్మ తలెత్తకుండా.

పిల్ల గోడకు ఆనుకుని కాసేపు వెక్కింది. తర్వాత ముక్కు తుడుచుకుని, “ఉరా,” అంది.

సుక్కమ్మ గబుక్కున లేచి చెంబు నింపి ఇచ్చింది. పిల్ల తాగుతుంటే ఇంటి వెనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఏం చేస్తుంది మరి? మూడేళ్లప్పుడు జ్వరమొచ్చి జానమ్మ కాలు చచ్చుబడింది. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు పెదవి విరిచారు. ఆలేరు దగ్గరి మిషన్‌లో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న పెద్ద ఫాదర్‌ది స్పెయిన్ దేశం. ఆయన జాలిపడి అక్కడి పిల్లల దవాఖానకు ఉత్తరం రాశాడు. జవాబొచ్చేసరికి పక్షవాతంతో ఆయనే మంచాన పడ్డాడు. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన చిన్న ఫాదర్ ఆ ఇంగ్లీషు ఉత్తరం, మిషన్‌లోనే పనిచేసే జానమ్మ తండ్రికి చదివి చెప్పాడు.

“ఒక్క బిడ్డకే చోటుందట బాలస్వామీ. మూడు ఆపరేషన్లు, ఏడాది ఉండాలి. తల్లిదండ్రుల్ని రానివ్వరు. అక్కడ మన భాష తెలిసినవాళ్లు లేరు కదా! నొప్పి, ఆకలి, దాహం, కనీసం ఇవైనా స్పానిష్‌లో చెప్పగలిగే బిడ్డనే తీసుకెళతారట. క్రిస్మస్‌కు ముందు సిస్టర్ ఒకామె వస్తుంది. ఇంకో మూడు ఊళ్లలోనూ పిల్లల్ని చూస్తుంది.”

బాలస్వామికి తెలుగే చదవరాదు.

“మీరే జర నేర్పుండ్రి ఫాదర్.”

“నాకేం వచ్చు నాయనా? స్పానిష్ లాటిన్‌కు కూతురంటారు. లాటిన్ చదివినవాణ్నే, అయినా పెద్ద ఫాదర్ మాటల్లో ఒక్కటీ అందటంలేదు. పాపం, నోరు వంకరపోయింది కదా.”

ఆ జబ్బు పెద్ద ఫాదర్ నోటి నుంచి తెలుగును, ఇంగ్లీషును ఎత్తుకుపోయింది. చిన్నప్పుడు తల్లి ఒడిలో నేర్చిన మాటలు మాత్రం వదిలిపెట్టింది.

ఆయనకు నీళ్లు పోసేది, జావ తాగించేది, పక్క సర్దేది బాలస్వామే. ఆ రోజు నుంచి అతను చెవులు రిక్కించాడు. ముసలాయన ఏదో అనడం, నీళ్లగ్లాసు అందిస్తే గటగటా తాగడం. అయితే ‘ఉరా’ అంటే నీళ్లు. భుజం పట్టి లేపితే ‘మిన్’ అని మూలిగాడు. అయితే అది నొప్పి. దుప్పటి లాక్కుంటూ ‘హొత్స్’ అన్నాడు. అది చలి. ఒక్కో మాటను దారి పొడుగునా వల్లించుకుంటూ, ఎవరైనా పలకరిస్తే ఎక్కడ మరిచిపోతానో అని తల వంచుకుని ఇంటికి వచ్చేవాడు.

“ఆకలిని గోసె అంటరంట,” అన్నాడొకరోజు.

సుక్కమ్మ చాలా రోజులకు నవ్వింది. “గోసనా? గది మన మాటే గదనయ్యా! ఆకలంటే గోస గాక మరేంది?”

ఇంట్లో తెలుగు బందయింది. తప్పు పలికితే సుక్కమ్మ ముద్ద ఆపేది. ఒప్పో తప్పో ఆమెకూ తెలియదు. మొగుడు చెప్పినట్టు పలికిందా లేదా, అంతే.

వానకాలంలో ఒకరోజు బాలస్వామి బిడ్డను భుజాన ఎక్కించుకుని పెద్ద ఫాదర్ మంచం దగ్గరికి తీసుకుపోయాడు. “మాట్లాడు బిడ్డా. అర్థమైతాందో లేదో చూద్దాం.”

జానమ్మ తనకొచ్చినవన్నీ చెప్పింది. ముసలాయన కళ్లు పెద్దవయ్యాయి. పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. ఏదో అడిగాడు. పిల్ల జవాబిచ్చింది. ఆయన మళ్లీ అడిగాడు. కన్నీళ్లు దిండు మీదికి కారుతున్నా తుడుచుకోకుండా, చెయ్యి వదలకుండా, గంటసేపు మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ప్రతిరోజూ పిల్ల కోసం గుమ్మం వైపు చూసేవాడు. ఒక్కో మాట దిద్ది చెప్పేవాడు. దీపావళి వెళ్లిన వారానికి, పిల్ల చెయ్యి పట్టుకునే కన్నుమూశాడు.

డిసెంబరులో సిస్టర్ రైలు దిగింది. సాయంత్రం బండికే తిరిగి పోవాలంది. జానమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని మెల్లగా ఏదో అడిగింది. పిల్ల దిక్కులు చూసింది. మళ్లీ అడిగింది. పిల్ల నోరు పెగల్లేదు.

“బుగులు పడ్డదయ్యా,” అన్నాడు బాలస్వామి చెమటలు కక్కుతూ. “ఒక్కొక్కటి సూపిచ్చి అడుగుమనుండ్రి ఫాదర్.”

సిస్టర్ నీళ్లగ్లాసు చూపించింది. జానమ్మ చెప్పింది. రొట్టెముక్క చూపించింది. చెప్పింది. ఇక పిల్ల ఆగలేదు. కాలు నొస్తోందని, చలేస్తోందని, దుప్పటి కప్పమని, అమ్మ ఎక్కడుందని, ఇంటికి ఎప్పుడు పంపుతారని, ఒకదాని వెంట ఒకటి తడుముకోకుండా అప్పజెప్పింది. పెద్ద ఫాదర్ ఎట్లా పలికేవాడో అట్లాగే పలికింది.

సిస్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లను దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

“తీస్కపోతదయ్యా,” గొణిగింది సుక్కమ్మ. ఏడుపో నవ్వో తెలియని ముఖంతో, సిద్ధంగా పెట్టిన బట్టల మూట ముడిని మరోసారి బిగించింది.

సిస్టర్ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. చిన్న ఫాదర్ విని, వాళ్ల వైపు తిరిగాడు.

“బాలస్వామీ, పాప మాట్లాడింది స్పానిష్ కాదట, ఆ దేశంలో ఒక మూల కొండల్లో, పెద్ద ఫాదర్ పుట్టిన పల్లెల్లో మాత్రమే మాట్లాడే వేరే భాషట, ఆ దవాఖానలో అది ఒక్కరికీ రాదట.”