బూడిదతో తోమిన చేతులు

షిరే ఏరు పొంగి వంతెనను ఎత్తుకుపోయిన వరద ఏడు అది. మెడలో కొండచిలువతో, ముంజేతిపై గుడ్లగూబతో, ఊరూరా తిరిగి జంతువులంటే భయం పోగొట్టే లమేకి ఊరివాళ్లకు చెబుతున్నాడు.

"ఇది మంత్రగత్తెలు పంపే పిట్ట కాదు. మీ మొక్కజొన్న తినే ఎలుకల్ని తింటది. చంపకండి."

జనం తలలూపారు. నాఫిరి అవ్వ ఊపిరి పీల్చుకుంది. ఆమె ఇంటి కప్పులో గుడ్లగూబ గూడు పెట్టింది. అందుకే ఆమె మంత్రగత్తె అని, వరద తెచ్చింది ఆమేనని, గుడిసె కాల్చేస్తామని ఊరు బెదిరిస్తోంది.

అంతా అయ్యాక లమేకి గుడ్లగూబను బుట్టలో పెట్టి, బోరింగు దగ్గర బూడిదతో మూడుసార్లు చేతులు తోమి, రోతగా పక్కకు ఉమ్మాడు. గుడ్లగూబను ముట్టుకుంటే ఏ ఊళ్లోనైనా అతనికి అదే అలవాటు.

"చూశావటే, ఆయనకే నమ్మకం లేదు!" నీళ్లకొచ్చిన బిందెలవాళ్లు నవ్వారు.

"కొండచిలువ ఒక్కదాన్నే పట్టుకున్నప్పుడు ఎప్పుడన్నా ఇలా కడిగావా, నాయనా?" అడిగింది అవ్వ.

"లేదవ్వా."

"నీ నోరు నన్ను కాపాడింది. నీ చేతులే నా కొంపకి నిప్పెడతాయి."

లమేకికి తన చేతులంటేనే అసహ్యం పుట్టింది.

మర్నాడు పొద్దున్నే అవ్వ గుమ్మంలో, ఊరంతా చూస్తుండగా, గుడ్లగూబను వట్టి చేత్తో నిమిరాడు. చేతులకు నీళ్లు తెస్తే వద్దన్నాడు. ఆ చేత్తోనే మొక్కజొన్న ముద్ద తిన్నాడు. గొంతులో అడ్డం పడింది. అయినా మింగాడు.