సంతకం లేని కార్టూన్

ఆ కార్టూనిస్టు ముసలాయన నలభై ఏళ్ళలో సాగదీసిన మంత్రుల ముక్కులన్నీ ముడేస్తే ఊరు చుట్టి రావచ్చు. ఒక్కరోజు నాగా లేదు. ఆరేళ్ళ కిందట భార్య పోయిన రోజు కూడా బొమ్మ ఇచ్చాకే ఏడ్చాడు. అలాంటి చేతికి ఆ రాత్రి ఒక్క గీతా పడలేదు. ఆఫీసు మేడ మీద తెల్ల కాగితం, కిర్రుమనే ఫ్యాను తప్ప తోడు లేదు. ఇక లాభం లేదని కింద ప్రెస్సులో ఫోర్‌మన్‌కి ఫోను చేశాడు.

"ఒరేయ్, ఇవాళ్టికి నా చోటు ఖాళీగా వదిలెయ్‌రా."

"భలేవారే గురువుగారూ! ఇందాక మీరే తెచ్చిచ్చారుగా? ఇంకు ఇంకా ఆరనేలేదు. సంతకం మాత్రం మరిచారు."

సాయంత్రం నుంచి ఆయన కుర్చీలోంచి లేస్తే ఒట్టు.

"ఏం... ఏం వేశాన్రా?"

"మిమ్మల్నే! చెవి దగ్గర ఫోను పెట్టుకుని కూచున్నారు. వెనకాల ఎవరో నిలబడి మీ భుజం మీద చెయ్యేశారు. మొహం గీయలేదేం? ఎవరండీ అది?"

ఫ్యాను ఆగింది. ఎడమ భుజం మీద చల్లగా, మెల్లగా బరువు దిగింది.

ఆ భుజం మీద చెయ్యి పడి ఆరేళ్ళయింది. ముసలాయన వెనక్కి తిరగలేదు, తిరిగితే ఆ చెయ్యి ఎక్కడ తీసేస్తుందోనని.