నచ్చనట్టు మొహం పెట్టు

“కారు నచ్చినా నచ్చనట్టు మొహం పెట్టాలి. అసలు కిటుకు అదే,” అన్నాడు భరద్వాజ్, బస్సు కదలగానే.

పక్క సీట్లో భార్య వాసవి ఊ కొట్టింది. రాత్రంతా లీమింగ్టన్‌లో టమాటాలు ప్యాక్ చేసి, పొద్దున్నే ఇంటికొచ్చి, తలకింత నూనె రాసుకుని పడుకోబోతున్న మనిషిని లేపి తీసుకొచ్చాడు. ఆమె నూనె తల కనపడకుండా ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుని కిటికీకి ఆనుకుని కూర్చుంది.

ఇద్దరూ కెనడాలోని విండ్సర్ వచ్చి ఏడాది కాలేదు. ఆమె స్టూడెంటు. అతను స్టూడెంటుగారి భర్త, ఇంకా పని దొరకలేదు. దొరకడం మాటలా? ఆ ఏడు ఊళ్లో ఏ కాఫీ షాపు ముందు చూసినా రెజ్యూమేలు పట్టుకుని మన పిల్లలే. వాసవికి దొరికిన పని కూడా బస్సులు పోని చోట. ఇన్నాళ్ళూ తన కారులో తీసుకెళ్లిన అమ్మాయి బ్రాంప్టన్‌కి మకాం మార్చేస్తోంది. సోమవారానికల్లా కారు లేకపోతే ఆ పని కూడా పోతుంది.

లైసెన్సు వాసవికే ఉంది. భరద్వాజ్ రాతపరీక్షే రెండుసార్లు తప్పాడు. ఆ కసి కొద్దీ కారు కొనడం ఎలాగో చెప్పే వీడియోలన్నీ చూసి పండితుడైపోయాడు.

“సేల్స్‌మ్యాన్ సుబ్బరాజు గారని, మనవాడే. తెలుగులో గుసగుసలాడినా దొరికిపోతాం. కాబట్టి నువ్వు బండికి వంకలు పెడుతూనే ఉండు. చివర్లో విసుక్కుని లేచి వెళ్ళిపో. మిగతాది నేను చూసుకుంటా. నిజంగానే నచ్చకపోతే మాత్రం ఆ టోపీ తీసెయ్. అదే గుర్తు. సరేనా?”

“ఊఁ.”

సుబ్బరాజు గారు భీమవరం మనిషి. ఏ ఊరమ్మా మనది అని అడిగి, కాఫీ ఇప్పించి, వెండి రంగు సెకండ్‌హ్యాండ్ బండి ఒకటి చూపించారు. వాసవి నడిపింది. భరద్వాజ్ పక్కన కూర్చున్నాడు. ఆయన వెనక కూర్చున్నారు.

“హైవే మీద స్టీరింగ్ వణికిపోతోందండీ,” అంది వాసవి దిగుతూనే. “బ్రేకు కూడా చివరిదాకా తొక్కితే గానీ పట్టట్లేదు.”

భరద్వాజ్‌కి ఈల వెయ్యాలనిపించింది. పక్కనే కూర్చున్న తనకి ఏ వణుకూ తెలియలేదు. అబ్బ, ఏం చేస్తోంది! నేర్పిన దానికి రెండింతలు చేస్తోంది.

“టైర్లు బ్యాలెన్స్ చేయిస్తే పోద్దమ్మా,” అన్నారు సుబ్బరాజు గారు. “ఉండండి, మేనేజర్ని అడిగి కొంత తగ్గించుకొస్తాను.”

ఆయన అటు వెళ్ళగానే వాసవి మొగుడి చెయ్యి పట్టుకుంది. “ఇదిగో, నా మాట విను. ఈ బండి...”

“ష్!” భరద్వాజ్ కళ్ళతోనే పైకప్పు చూపించాడు. “వీళ్ళు మైకులు పెట్టి వింటారట.”

“వింటే విననీ!”

అతను ముసిముసిగా నవ్వాడు. ఆమె తల కొట్టుకుంది.

ఇక అక్కణ్ణుంచి పండితుడు విజృంభించాడు. నెలకెంతో కాదు, అన్నీ కలిపి మొత్తం ఎంతో చెప్పమన్నాడు. తుప్పు పట్టకుండా కొట్టే స్ప్రే వద్దన్నాడు. వారంటీ వద్దన్నాడు.

“ఈ డొక్కుకి వారంటీ కూడా లేకుండానా?” అంది వాసవి. సుబ్బరాజు గారు గతుక్కుమని మళ్ళీ మేనేజర్ దగ్గరికి పరిగెత్తారు. ధర మళ్ళీ తగ్గింది.

షోరూములో హీటరు మండిపోతోంది. వాసవి నుదుటి మీంచి చెమట కారుతోంది. అయినా టోపీ తియ్యలేదు. భరద్వాజ్ అది పదేపదే చూసుకుంటూ మురిసిపోయాడు.

మూడోసారి సుబ్బరాజు గారు కాగితాలు తెచ్చి ముందు పెట్టేసరికి వాసవి కుర్చీ వెనక్కి తోసి లేచింది.

“నాకీ బండి వద్దు. ఎన్నిసార్లు చెప్పాలి? రోజూ చీకట్లో, మంచులో దీన్ని నడపాల్సింది నేను. నువ్వు కాదు. ఇంతసేపూ ఎవరితో మాట్లాడుతున్నా, గోడతోనా?” కళ్ళు తుడుచుకుంది. గిరుక్కున తిరిగి బయటికి వెళ్ళిపోయింది.

కన్నీళ్ళు కూడానా! భరద్వాజ్ నోరెళ్ళబెట్టాడు.

“పాపం, ఆవిడ నిజంగానే బాధపడుతున్నట్టున్నారండీ,” అన్నారు సుబ్బరాజు గారు.

“ఆవిడ సంగతి నాకొదిలెయ్యండి. ఆఖరి మాట ఎంత?”

ఆయన నిట్టూర్చి అంకె కొట్టేసి ఇంకో అంకె వేశారు. “ఈ రేటుకైతే బండి ఉన్నది ఉన్నట్టే. రేపు ఏం పాడైనా మాకు సంబంధం లేదు. సంతకం పెట్టాక వెనక్కి తీసుకోం. ఒక్కసారి ఆవిణ్ణి అడిగి రండి బాబూ.”

“అక్కర్లేదండీ.”

సంతకం పెట్టాడు. బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి కట్టేశాడు. వచ్చే టర్ము ఫీజుకని దాచింది కూడా అందులోనే పోయింది. పోతే పోయింది, వాసవి పని నిలిచిందిగా! కాగితాలు ఊపుకుంటూ బస్‌స్టాప్‌కి పరిగెత్తాడు.

వాసవి చలికి ముడుచుకుని నిలబడి ఉంది. ముక్కు ఎర్రబడింది.

“కొనేశా! రేపు బండి చేతికిస్తారు. ఏం నటించావే తల్లీ! సుబ్బరాజు గారు కూడా నమ్మేశారు.”

“కొన్నావా?” వాసవి అతని చేతిలో కాగితాలు లాక్కుంది. “నటనేంటి? వద్దు వద్దని నెత్తీనోరూ బాదుకున్నాను కదా!”

భరద్వాజ్ నవ్వు సగంలో ఆగింది. “మరి... గుర్తు? నచ్చకపోతే టోపీ తీసెయ్యమని బస్సులో చెప్పాగా. ఊ అన్నావు కూడా!”

“బస్సెక్కింది మొదలు నేను నిద్రపోతూనే ఉన్నాను కదరా!” అంటూ వాసవి నెత్తిమీది టోపీ పీకి అతని మొహాన కొట్టింది.