సగం గీసిన గడ్డం

సెలూన్ ఆయన ఫోన్లో ప్రభుత్వం వారి రక్షణ యాప్ ఎక్కించి, ఆ ఫోన్ని అద్దం ముందు నిలబెట్టి, గడ్డం గీయించుకోవడానికి దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు ఆఫీసరు.

“ఇక్కడ మాట్లాడేవన్నీ ఇది వింటుందట కదా సార్?” అన్నాడు సెలూన్ ఆయన, కత్తికి కొత్త బ్లేడు వేస్తూ.

“విననీ! తప్పు చెయ్యనివాడికి భయమెందుకయ్యా? ఎవణ్ణి నమ్మాలో ప్రభుత్వానికి తెలియొద్దూ?”

“తెలియాలి సార్, తెలియాలి.”

ఒక చెంప పూర్తయ్యేసరికి ఆఫీసరు నోరు ఊరుకోలేదు. “మా మంత్రి ఉన్నాడే, వాడొట్టి...” అంటూ నాలుక కరుచుకున్నాడు. మొహం మీద నురగతోనే లేచి, తన ఫోనూ సెలూన్ ఆయన ఫోనూ తువ్వాలులో చుట్టి, బయట బెంచీ మీద పెట్టి, తలుపు మూసి వచ్చాడు. మళ్ళీ వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, హాయిగా గడ్డం పైకెత్తాడు.

“వాడొట్టి దద్దమ్మ!”

సెలూన్ ఆయన కత్తిని ఆ గొంతు మీద ఆనించాడు.

“కదలకండి సార్. నా కత్తి కింద మెడ పెట్టి కళ్ళు మూసుకున్నారు. నన్నింత నమ్మినవారు, నా ఫోన్లో ఆ యాప్ ఎందుకు పెట్టారు?”

ఆఫీసరు గుటక వేయబోయి, కత్తి గుర్తొచ్చి ఆగిపోయాడు.